ఖరీదైన ఎయిర్‌గన్‌ను పరీక్షిస్తున్నది కొన్నవాడే!

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క మాట చెప్పడానికి మీ ముందుకు వచ్చాను. ఈ వీడియో పూర్తయ్యేలోగా దాన్ని పదిసార్లు చెప్పవలసి వచ్చినా చెబుతాను. అత్యంత ఖరీదైన శ్రేణిలో అమ్ముడవుతున్న పీసీపీ (సిలిండర్‌లో ముందే అధిక పీడనంతో గాలి నింపుకుని కాల్చే) ఎయిర్‌గన్‌లకు అసలైన చివరి పరీక్ష కర్మాగారంలో జరగడం లేదు, డబ్బు పెట్టి కొన్న మనిషి ఇంట్లో జరుగుతున్నది.

పెట్టె విప్పిన మర్నాటికే గాలి దిగిపోయిన సిలిండర్లు, మొదటి పెల్లెట్‌ను (చిన్న గుండును) ఒకచోట, మిగిలినవాటిని మరొకచోట కొట్టే రైఫిళ్లు, లోపల లోహపు పొట్టు మిగిలిపోయిన బ్యారెళ్లు, వీటి మీద కొన్నవారి ఫిర్యాదులతో నడుస్తున్న గొడవను మొదటినుంచి చెప్పబోవడం లేదు. ఆ లోపాల కన్నా వాటిని వెనకేసుకొస్తూ కొందరు చేస్తున్న వాదన నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "పీసీపీ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు లీకవుతుంది, ఓ-రింగ్ ఎంత చవక, విప్పి మార్చుకుంటే పోతుంది కదా" అంటున్నారు.

గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు వలయమైన ఓ-రింగ్ చవకే, నేను కాదనను. అది ఎందుకు తెగిందన్నది ఎవరైనా చూశారా? 250 బార్ పీడనం అంటే ప్రతి చదరపు మిల్లీమీటరు మీద సుమారు రెండున్నర కిలోల బరువు మోపినంత ఒత్తిడి. ఆ ఒత్తిడి రబ్బరు వలయాన్ని రెండు లోహభాగాల మధ్య ఉన్న సందులోకి నెట్టుతూనే ఉంటుంది. ఆ సందు ఉండవలసిన దానికన్నా కాస్త వెడల్పుగా ఉన్నా, 90 షోర్ కాఠిన్యం గల వలయం వేయవలసిన చోట 70 షోర్ వలయం వేసినా, దాని అంచు ఆ సందులోకి జొరబడి కొద్దికొద్దిగా చిరిగిపోతుంది. అంతకన్నా ఘోరమైనది మరొకటి ఉంది. సిలిండర్‌లో రంధ్రం తొలిచాక దాని అంచున మిగిలే వాడి లోహపు ముక్కను గీకి నునుపు చేయకపోతే, భాగాలు బిగించేటప్పుడు ఓ-రింగ్ ఆ అంచు మీదుగా జారుతూ అక్కడికక్కడే కోసుకుపోతుంది. మీరు కొత్త వలయం తెచ్చి వేస్తే అది కూడా అదే అంచు మీదుగా జారి, అదే చోట కోసుకుపోతుంది. చెడిపోయినది ఓ-రింగ్ అని చెప్పి వ్యవహారం ముగించేవారు ఆ అంచు వైపు కన్నెత్తి కూడా చూడరు. చూడవలసినవాడు కర్మాగారంలో ఉన్నాడు, అతను చూడలేదు.

పైగా "విప్పి మార్చుకోండి" అన్న సలహా ప్రమాదకరమైనది. గాలి పూర్తిగా ఖాళీ చేయకుండా అధిక పీడన సిలిండర్‌కున్న మరను తిప్పితే ఊడివచ్చే భాగం మనిషి ప్రాణం తీయగలదు. చేతికందిన పెట్రోలియం నూనె రాసి అధిక పీడనంతో గాలి ఎక్కిస్తే లోపల ఆ నూనె అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే సిలికాన్ గ్రీజు వాడమని చెబుతారు. ఇవేవీ తెలియని కొత్త కొనుగోలుదారుడికి స్పానర్ చేతికిచ్చి పంపడాన్ని నేను నిర్లక్ష్యం అనే అంటాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంత నునుపైన లోహపు పని, ఇంత మంచి చెక్క, ఇంత అందమైన ట్రిగర్ తయారు చేయగలిగినవారు ఒక లీకును ఎందుకు పట్టుకోలేకపోతున్నారు? నా దృష్టిలో జవాబు ఒక్కటే: ఆ పరీక్షకు కాలం పడుతుంది, వారు ఖర్చుపెట్టడానికి ఇష్టపడనిది ఆ కాలమే. ఒక రాత్రిలో 10 బార్ దిగిపోయే లీకు పది నిమిషాల పాటు గేజ్ వైపు చూసేవాడికి కనిపించదు. తుపాకీ మీద ఉండే ఆ చిన్న గేజ్‌లో ముల్లు ఆ పది నిమిషాల్లో వెంట్రుక వాసి కూడా కదలదు. ఒక న్యాయమైన మాట కూడా ఇక్కడ చెప్పాలి. ముల్లు కిందికి దిగిన ప్రతిసారీ అది లీకు కాదు. 35 డిగ్రీల వేడిలో 250 బార్ నింపిన సిలిండర్ 20 డిగ్రీలకు చల్లబడితే, ఒక్క బుడగ కూడా బయటికి పోకుండానే సుమారు 238 బార్ చూపిస్తుంది. ఇది తెలియక మంచి తుపాకీని తిట్టినవారూ ఉన్నారు. కానీ అదే ఉష్ణోగ్రత దగ్గర, మూడో రోజు కూడా ముల్లు దిగుతూనే ఉంటే దాన్ని వాతావరణం మీదికి నెట్టడానికి వీలులేదు.

రెగ్యులేటర్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. సిలిండర్‌లో ఉన్న 250 బార్‌ను, ఉదాహరణకు, 130 బార్‌కు తగ్గించి, గుండు వెనక గాలి వదిలే వాల్వ్‌కు అందించడమే దాని పని. లోపల ఒక చిన్న పిస్టన్, ఒకదానిపై ఒకటి పేర్చిన గిన్నె ఆకారపు స్ప్రింగ్ వాషర్లు, పిస్టన్ వచ్చి ఆనుకునే మెత్తని సీటు ఉంటాయి. ఆ సీటు మీద కంటికి కనిపించని గీత ఒకటి ఉన్నా, నలుసంత లోహపు పొట్టు చిక్కుకున్నా గాలి కొంచెం కొంచెంగా అవతలికి చేరి, 130 ఉండవలసింది తెల్లవారేసరికి 145 అవుతుంది. దీన్నే క్రీప్ అంటున్నాం. వెంటవెంటనే పది గుండ్లు కాల్చి క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) అంకెలు చూసుకునే పరీక్షలో ఈ లోపం బయటపడదు, ఎందుకంటే రెండు గుండ్ల మధ్య పీడనం పెరగడానికి దానికి వ్యవధే దొరకదు. రాత్రంతా వదిలేసి ఉదయం మొదటి గుండు కాల్చినప్పుడే అది పట్టుబడుతుంది. 18 గ్రెయిన్‌ల (సుమారు 1.2 గ్రాముల) బరువున్న 5.5 మిల్లీమీటర్ల పెల్లెట్ సెకనుకు 270 మీటర్ల వేగంతో బయలుదేరుతుందనుకుంటే, ఆ వేగంలో 10 మీటర్ల తేడా వచ్చినా 50 మీటర్ల దూరంలో అది తగిలే చోటు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు పైకో కిందికో మారుతుంది. ఉదయం మొదటి గుండు ఎందుకు తప్పుతున్నదో తెలియక తన చేతిని, తన శ్వాసను అనుమానించుకుంటూ గడిపే మనిషిని తలుచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇప్పుడు చాలామందికి నచ్చని మాట ఒకటి చెబుతాను. ఈ తుపాకుల మీద సర్దుబాటు మరలు పెరగడానికీ, కర్మాగారంలో తనిఖీ తరగడానికీ సంబంధం ఉందన్నది నా గట్టి నమ్మకం. బయటినుంచే తిప్పగల రెగ్యులేటర్, వాల్వ్‌ను కొట్టి తెరిచే హ్యామర్ స్ప్రింగ్ బిగువు మార్చే చక్రం, గాలి దారిని వెడల్పు చేసే మర, ఈ మూడింటికీ పదేసి స్థానాలు ఉంటే వెయ్యి కలయికలు అవుతాయి. వాటిలో ఈ బ్యారెల్‌కు, ఈ పెల్లెట్‌కు సరిపడేది ఏదో వెతికి పెట్టవలసినవాడు తయారీదారు. అతను వెతకకుండా అన్ని మరలూ మన చేతికిచ్చి దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టడం, కొలతలు తీసుకోకుండా గుడ్డా సూదీ చేతికిచ్చి నచ్చినట్టు కుట్టుకోమన్న దర్జీ పనిలా ఉంది. దూరపు పోటీల్లో స్లగ్‌లు (పెల్లెట్ కన్నా పొడవైన, బుల్లెట్ ఆకారపు గుండ్లు) కాల్చేవారికి ఆ మరలు నిజంగా అవసరమే, వారిని నేను తప్పుపట్టను. కానీ ఆ మరల వల్ల తయారీదారుకు ఎంత సౌకర్యం కలిగిందో గమనించండి. తుపాకీ సరిగ్గా కొట్టకపోతే "మీరు ట్యూన్ చేసుకోలేదు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. లోపానికీ, సర్దుబాటుకూ మధ్య ఉన్న గీతను అవి చెరిపేశాయి.

గాలి తుపాకీ అంటేనే ఇంత అని సర్దుకుపోయేవారికి పాత ఉదంతం ఒకటి గుర్తుచేయాలి. 18వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో ఆస్ట్రియా సైన్యం వాడిన జిరార్డోనీ ఎయిర్ రైఫిల్, ఒక్కో గుండు దట్టించుకుని కాల్చే తుపాకుల కాలంలోనే సుమారు ఇరవై గుండ్లను వరుసగా కాల్చగలిగేది. తుపాకీ మడమలో, అంటే భుజానికి ఆనించే భాగంలో అమర్చిన గాలి పాత్రను నింపడానికి దాదాపు 1500 సార్లు పంపు కొట్టవలసి వచ్చేది. తోలు సీళ్లు ఎండిపోతే గాలి నిలిచేది కాదు, వాటిని తడిగా ఉంచాలి, ప్రత్యేక శిక్షణ ఉన్నవారే మరమ్మతు చేయాలి. అంత ముందుచూపున్న ఆయుధాన్ని సైన్యం చివరికి పక్కన పెట్టేసింది. ఆ పనివారికి ఉన్నది తోలు, ఇత్తడి, చేతి ఆకురాయి. ఈనాటి తయారీదారు దగ్గర పాలీయురెథేన్ సీళ్లున్నాయి, మైక్రాన్లలో కొలిచే యంత్రాలున్నాయి. లీకు మామూలేనన్న మాట జిరార్డోనీ అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి.

ఇదేదో అసాధ్యమైన కోరిక అనుకోకండి. 10 మీటర్ల పోటీ రైఫిళ్లు తయారుచేసే ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్షూట్జ్, వాల్థర్, స్టెయర్ వంటి సంస్థలు తుపాకీతోపాటు దానితోనే కాల్చిన టెస్ట్ టార్గెట్‌ను ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఆ పోటీలో టార్గెట్ మీద పది అంకెకున్న చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. అలాంటి చుక్క కోసం 60 గుండ్లు కాల్చే క్రీడాకారిణికి మొదటి గుండు ఒక రకంగా, రెండో గుండు మరో రకంగా ప్రవర్తించే రైఫిల్‌ను అమ్మే ధైర్యం ఎవరికీ లేదు. పోటీ రైఫిళ్ల శక్తి తక్కువ, పీడనం తక్కువ, మ్యాగజీన్ ఉండదు, కనుక వాటిని నిలకడగా ఉంచడం తేలిక అని మీరు అనవచ్చు. ఆ మాట నిజమే. కానీ ఒక కాగితం మీద అంకెలు రాసి పెట్టెలో పెట్టడానికి తుపాకీ శక్తితో పనేముంది?

నేను అడుగుతున్నది ఆ కాగితాన్నే. తుపాకీ సీరియల్ నంబరు, రెగ్యులేటర్ అమర్చిన పీడనం, 24 గంటల తరువాత అదే ఉష్ణోగ్రత దగ్గర చూపిన పీడనం, రాత్రంతా కదపకుండా ఉంచిన తరువాత కాల్చిన మొదటి గుండు వేగం, ఏ పెల్లెట్‌తో ఏ దూరంలో ఎంత గ్రూపు (గుండ్లు పడిన చోట్ల మధ్య వెడల్పు) వచ్చిందన్నది, చివర పరీక్షించిన మనిషి సంతకం. కొనబోయే ముందు అమ్మకందారును ఈ కాగితం అడగండి. "మా తుపాకులన్నీ పరీక్షించే పంపిస్తాం" అన్న జవాబు వస్తే అక్కడ ఆగిపోకుండా, ఎన్ని గంటలు పరీక్షించారో కూడా అడగండి. వారు ఇచ్చిన జవాబును యథాతథంగా కింద కామెంట్లలో రాయండి, వచ్చిన ప్రతి జవాబునూ వచ్చే వీడియోలో చదువుతాను.