గోడ కడిగించే ముందు టేపు పట్టండి

శ్రోతలందరికీ నమస్కారం.

కార్తీకం వెళ్లిపోయింది. మన కోస్తా వైపు వానలు తగ్గుముఖం పట్టాయి. నెలగంట పెడితే ఇక సంక్రాంతి పనులే. ఇప్పుడొకసారి ఇంటి వెనక్కి వెళ్లి, ఉత్తరం వైపు గోడ చూడండి. సజ్జ కింద నల్లటి చారలు, తూము పక్కన పచ్చటి పాచి, ప్రహరీ మీద చెయ్యి వేస్తే జారిపోయే నాచు. వెనకటికి ఏటా సున్నం కొట్టేవాళ్లు, ఇవన్నీ దాని కింద కప్పబడిపోయేవి. ఇప్పటి రంగులు ఏటా వేయించే ఖరీదులో లేవు. అందుకే చాలామంది ప్రెషర్ వాషర్, అంటే నీళ్లను జోరుగా చిమ్మే మెషిన్ పెట్టి గోడలు కడిగిస్తున్నారు.

రెండేళ్ల కిందట నేనూ కడిగించాను. పండగ నాలుగు రోజులుందనగా ఒక కుర్రాడు మెషిన్ బండి మీద వేసుకుని వచ్చాడు.

"ఎంత తీసుకుంటావు బాబూ?" అన్నాను.

"చూసి ఇవ్వండి మాస్టారూ" అన్నాడు.

ఆ మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఎనిమిదింటికి మొదలుపెడితే పదిన్నరకల్లా డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ. మాకు కుళాయి పొద్దున్న ఒక్క గంటే వస్తుంది. గోడ సగం తెల్లగా, సగం నల్లగా మిగిలింది. అది చాలదన్నట్టు కిటికీ పక్కన పళ్లెమంత పెచ్చు ఊడి కిందపడింది. "గోడే గుల్లగా ఉందండీ, నేనేం చెయ్యను" అన్నాడు. అతని మాట అబద్ధం కాదు. లోపల ఎప్పటినుంచో చెమ్మ ఉంది, నీళ్ల దెబ్బకి బయటపడింది. కడిగినందుకు ఇచ్చిన డబ్బుకి రెండింతలు ఆ పెచ్చు పూడ్పించడానికే అయింది. చుట్టాలందరూ ఆ మచ్చ చూసి వెళ్లాకే మేస్త్రీ దొరికాడు, అది వేరే సంగతి.

కాబట్టి ముందు ఒక విషయం తేల్చుకోండి. రంగు వేయించడానికి కడిగిస్తున్నారా, లేక రంగు వేయించకుండా ఇంకో రెండేళ్లు నెట్టుకురావడానికా? మొదటిదైతే ఊడేదంతా ఊడిపోవడమే మంచిది, మేస్త్రీకీ పుట్టీకీ డబ్బు పక్కన పెట్టుకోవాలి. రెండోదైతే ఉన్న రంగు నిలవాలి. అప్పుడు మెషిన్ జోరు తగ్గించాలి. ఏ గోడనైనా ముందు వేళ్లతో తట్టి చూడండి. డబడబమని మోగిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి.

తర్వాత టేపు తీయండి. బయటి కొలత 30 అడుగులకు 40 అడుగులున్న ఇల్లనుకుందాం. చుట్టుకొలత 140 అడుగులు. పిట్టగోడతో కలిపి ఎత్తు 14. గుణిస్తే 1,960 చదరపు అడుగులు. కిటికీలు తీసేసి లెక్కేద్దామని మనం, కలిపి లెక్కేద్దామని వాళ్లు, ఈ బేరం ఎప్పుడూ ఉండేదే. అందరూ మరిచిపోయేది ప్రహరీని. 40 అడుగులకు 50 అడుగుల స్థలం చుట్టూ అయిదడుగుల గోడ ఉంటే, లోపలా బయటా కలిపి 1,800 చదరపు అడుగులు! ఇంచుమించు ఇంకో ఇల్లు. మొత్తం మీద అడుగుకి ఒక్క రూపాయి తేడా వచ్చినా 3,760 రూపాయలు. అందుకే "చూసి ఇవ్వండి" కుదరదు. పాచి వదిలించే మందు ఎవరు తెస్తారు, నిచ్చెన ఎవరిది, ప్రహరీ బయటి వైపు లెక్కలో ఉందా, కిటికీ అద్దం పగిలితే ఎవరు కట్టాలి? ఇవి మాట్లాడుకుని, కాగితం మీద రాసుకున్నాకే మెషిన్ దింపించండి.

ఇళ్లకు వాడే చిన్న మెషిన్ నిమిషానికి ఆరేడు లీటర్ల నీళ్లు తీసుకుంటుంది. మా ట్యాంకు రెండున్నర గంటలకే ఎందుకు అయిపోయిందో మీకీపాటికి అర్థమై ఉంటుంది. రోజంతా పనికి రెండు వేల లీటర్లు చేతిలో ఉంచుకోండి. నీళ్లు లేకుండా తిరిగితే పంపు పాడవుతుంది. బోరు నీళ్లలో ఇసుక వస్తుంటే పైపు మొదట్లో జాలీ ఉందో లేదో చూడండి. కరెంటు ఖర్చు పెద్దది కాదు, అయిదు గంటలకు ఎనిమిది, పది యూనిట్లు.

పాచిని ఒట్టి నీళ్ల జోరుతోనే గీకేయాలనుకోకండి, గోడ దెబ్బతింటుంది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు గోడకి కొట్టి, పది పదిహేను నిమిషాలు ఆగి కడిగితే సులువుగా వదులుతుంది. తులసికోటనూ మొక్కలనూ ముందే మంచినీళ్లతో తడిపి కప్పేయండి. బ్లీచింగ్‌లో బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం పొరపాటున కూడా కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు.

మెషిన్ మీరే నడిపితే, నీళ్లు విసనకర్రలా పరుచుకునే నాజిల్ పెట్టుకుని అడుగున్నర దూరం నుంచి మొదలుపెట్టండి. సూదిలా వచ్చే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న చిల్లే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నిచ్చెన మీద నిలబడి గన్ నొక్కితే అది వెనక్కి తంతుంది. మీటరు బాక్సు వైపు, వెంటిలేటర్ల వైపు ధార పోనివ్వకండి. కరెంటు లీకైతే దానంతటదే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి ఇంట్లో పనిచేస్తోందో లేదో, దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి ముందే చూసుకోండి. మన దేశంలో రంగుల్లో సీసం అనే విషలోహానికి 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్ల పరిమితి అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు గేటుకీ గ్రిల్‌కీ వేసిన ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. అది పెచ్చులుగా లేస్తుంటే మెషిన్ పెట్టకండి, ముఖ్యంగా పక్కనే ఆకుకూరల మడి ఉంటే.

కడిగిన గోడ పైకి ఆరినట్టే కనిపిస్తుంది. రంగు వేయించే ముందు జానెడున్నర ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని, నాలుగు అంచులా టేపుతో గోడకి అంటించి, ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు చెమట పట్టిందంటే గోడ ఇంకా తడే. మంచు రోజుల్లో ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి, నెలగంటకు ముందే కడిగించుకుంటే పండగకి నెల రోజులు చేతిలో ఉంటాయి. ఈసారి మా ఇంటికి వచ్చే సోమవారం మెషిన్ వస్తోంది. సుద్దముక్క గుర్తులు పదకొండు తేలాయి, మేస్త్రీకి అడ్వాన్సు కూడా ఇచ్చేశాను.

నమస్కారం.