టోనీ జా వెనకున్న గురువు

నమస్తే అన్నలారా, తమ్ముళ్లారా. అనంతపురం నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు థాయ్‌లాండ్ ఫైటింగ్ సినిమాల హీరో టోనీ జా గురించి.

తిరునాళ్లలో తెర కట్టి సినిమా ఆడించే రోజులు మన పల్లెల్లో పెద్దోళ్లకు బాగా గుర్తు. థాయ్‌లాండ్‌లో ఏనుగులకు పేరుమోసిన సురిన్ ప్రాంతంలో 1976లో పుట్టిన ఈ పల్లెటూరి పిల్లోడు కూడా అట్లనే గుడి తిరునాళ్లలో బ్రూస్ లీ, జాకీ చాన్, జెట్ లీ సినిమాలు చూసినాడు. చూసినవన్నీ ఇంటికొచ్చి తనే చేసేవాడు. అట్లా చూసి ఎగిరే పిల్లలు ఊరికి పదిమంది ఉంటారు. ఇతనికి మాత్రం గురువు దొరికినాడు.

ఆయన పేరు పన్నా రిట్టిక్రై. టోనీ ఫ్యాన్సులో కూడా చాలామందికి ఈ పేరు తెలీదు, నా బాధంతా అదే. తక్కువ ఖర్చులో ఫైటింగ్ సినిమాలు తీస్తూ, పల్లె కుర్రోళ్లకు స్టంట్లు నేర్పిన మనిషి. టోనీ మీసాలు రాకముందే ఆయన దగ్గర చేరి, ఏళ్ల తరబడి డూపుగా పనిచేసినాడు. దెబ్బలు తనవి, తెర మీద ముఖం ఇంకొకరిది. ఇద్దరూ కలిసి ముయే బోరాన్ అనే పాత థాయ్ విద్యను సాధన చేసినారు. పిడికిలితో పాటు మోచేతులు, మోకాళ్లు కూడా ఆయుధాలే దాంట్లో.

2003లో టోనీ హీరోగా ఓంగ్-బాక్ సినిమా వచ్చింది. రోపుల్లేవు, గ్రాఫిక్స్ లేవు. కాళ్లకు మంటలతోనే ఎగిరి తన్నే షాట్ ఒకటి ఉంది. ఆ మంట పైకెగబాకి కనుబొమ్మలు కాలినాయని టోనీనే చెప్పినాడు. 2005లో టోమ్ యమ్ గూంగ్. మెట్లెక్కుతూ కొట్టుకుంటూ పోయే ఫైటు, దాదాపు నాలుగు నిమిషాలు ఒక్క కట్ లేదు. పై అంతస్తుకు వచ్చేసరికి దెబ్బ దెబ్బకూ ఒళ్లు బరువెక్కడం చూడండి. అది నటన కాదు, నిజం అలసట. ఆ షాట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

ఓంగ్-బాక్ 2కు డైరెక్షన్ కూడా నెత్తినేసుకుని, ఒత్తిడి తట్టుకోలేక మధ్యలో షూటింగ్ వదిలేసి పోయినాడు. సినిమా ఒడ్డెక్కడానికి మళ్లీ పన్నానే రావాల్సి వచ్చింది. 2010లో టోనీ బౌద్ధ సన్యాసం తీసుకున్నాడు, తర్వాత తిరిగొచ్చినాడు. 2015లో ఫ్యూరియస్ 7తో హాలీవుడ్‌కు పోయినాడు గానీ, అక్కడ కట్‌ల మీద కట్‌లు పడి అతని ఒడుపే కనపడలేదు. అప్పటికి పన్నా లేడు, 2014లో 53 ఏళ్లకే పోయినాడు.

మన సీమలో కర్రసాము నేర్పే పెద్దాయనలు ఇంకా ఉన్నారు. మీ ఊర్లో ఉంటే ఊరి పేరు కామెంట్లో పెట్టండి. ఆయన ఒప్పుకుంటే కెమెరా పట్టుకుని నేనే వస్తా.