బట్టలుతికే తల్లి కొడుకు: హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్

[తెరపై: కోపెన్‌హేగెన్ రాజోద్యానంలో ఆండర్సన్ కాంస్య విగ్రహం]

1875 వేసవిలో, మరణానికి కొద్ది వారాల ముందు, డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ తన విగ్రహానికి తయారైన నమూనాను చూసి తీవ్రంగా నొచ్చుకున్నారు. శిల్పి ఆగస్ట్ సాబ్యె అందులో ఆయన ఒంటికి ఆనుకుని కథ వింటున్న పిల్లలను చూపించారు. ఎవరైనా వెనక కూర్చున్నా, మీదికి ఒరిగినా తాను చదవలేననీ, తన కథలు పిల్లలకు ఎంతో పెద్దలకూ అంతేననీ ఆండర్సన్ అభ్యంతరం చెప్పారు. 1880లో నెలకొల్పిన విగ్రహంలో ఆయన ఒక్కరే ఉన్నారు. దీన్ని వృద్ధాప్యపు చిరాకుగా కొట్టిపారేయడం సరికాదు. ఆ కథల్లో ఏముందో తెలియాలంటే ముందు ఆయన పుట్టిన ఇంటిని చూడాలి.

[తెరపై: ఓడెన్సె పట్టణపు పాత ఇళ్లు, నది]

1805 ఏప్రిల్ 2న ఓడెన్సె పట్టణంలో ఒక చెప్పులు కుట్టే పేదవాడి ఇంట ఆయన పుట్టారు. చదువంటే ప్రాణమిచ్చే తండ్రి కొడుక్కి అరేబియన్ రాత్రుల కథలు చదివి వినిపించేవాడు, బొమ్మల నాటకశాల చేసి ఇచ్చాడు. నెపోలియన్ యుద్ధాల కాలంలో సైన్యంలో చేరి, ఆరోగ్యం చెడి తిరిగివచ్చి, 1816లో కన్నుమూశాడు. తల్లి ఆన్ మరీ ఊరివాళ్ల బట్టలు ఉతికేది. చలి నీళ్లలో గంటల తరబడి నిలబడవలసిన ఆ పనిలో ఒంటికి వెచ్చదనం కోసం ఆమె సారాయిని ఆశ్రయించింది, చివరికి అదే ఆమెను కుంగదీసింది. చిన్నప్పుడు తల్లిదండ్రులు ఆమెను బిచ్చానికి పంపితే, చేయి చాచడానికి మనసు రాక రోజంతా ఒక వంతెన కింద కూర్చుని ఏడ్చిందని ఆండర్సన్ తన ఆత్మకథలో రాశారు. 1845 నాటి అగ్గిపుల్లలమ్మే పిల్ల కథ చదివేటప్పుడు ఆ వంతెనను మరచిపోవడం నాకు సాధ్యం కాదు.

పద్నాలుగేళ్ల వయసులో, 1819లో, నటుడు కావాలన్న పట్టుదలతో ఆయన ఒంటరిగా కోపెన్‌హేగెన్ చేరారు. గొంతు మారడంతో పాటకు పనికిరాలేదు, నటనా సాగలేదు. రాజ నాటకశాల పెద్దల్లో ఒకరైన యోనస్ కొలిన్ చొరవతో బడిలో చేరి, తనకంటే ఎంతో చిన్న పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్నారు. కవిత్వం రాయకూడదని ఆంక్ష పెట్టి, అందరిముందూ ఎగతాళి చేసిన ప్రధానోపాధ్యాయుడు మైస్లింగ్ చాలా ఏళ్లపాటు ఆయన కలల్లోకి కూడా వచ్చేవాడు.

ఆ బడిలో ఉన్నప్పుడే, 1826లో, ఆయన "చనిపోతున్న బిడ్డ" అనే కవిత రాశారు. బిడ్డ మరణం మీద కవితలు అప్పటికే చాలా ఉన్నాయి. అవి తల్లిదండ్రుల దుఃఖాన్ని చెబుతాయి. ఇక్కడ మాట్లాడేది బిడ్డే. అలసిపోయాననీ, నిద్రపోతాననీ, ఏడవవద్దనీ తల్లిని ఓదారుస్తుంది. తర్వాత ఆయన రాసిన కథలన్నిటికీ బీజం ఈ కవితలో ఉందని నా నమ్మకం: ఎవరి గురించి అందరూ మాట్లాడతారో, ఆ మనిషికే మాట్లాడే అవకాశం ఇవ్వడం.

[తెరపై: 1835 నాటి తొలి కథల పుస్తకం ముఖచిత్రం]

1835 మే నెలలో నాలుగు కథలున్న ఒక పలుచని పుస్తకం వెలువడింది. అందులో మొదటి కథలో ఒక సైనికుడు దారివెంట "ఒకటి, రెండు! ఒకటి, రెండు!" అంటూ కవాతు చేస్తూ వస్తాడు. పరిచయాలు లేవు, వర్ణనలు లేవు, మనిషి నేరుగా కథలోకి నడిచి వచ్చేస్తాడు. పిచ్చాసుపత్రి తోటలో పనిచేసే నానమ్మ వెంట వెళ్లి, అక్కడ నూలు వడికే ముసలమ్మల నోట చిన్నప్పుడు విన్న కథల ధోరణి అది. అచ్చులో ఇలా మాట్లాడినట్టు రాయడం, నీతి చెప్పకపోవడం నాటి సమీక్షకులలో కొందరికి నచ్చలేదు. విద్యుదయస్కాంతత్వాన్ని కనుగొన్న శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ మాత్రం, ఆ ఏడాదే వస్తున్న ఆండర్సన్ నవల ఆయనకు పేరు తెస్తే ఈ కథలు ఆయనను చిరంజీవిని చేస్తాయని ముందే అన్నారు.

అందరికీ తెలిసిన చిన్న జలకన్యను, అందంలేని బాతుపిల్లను ఇక్కడ వదిలి, 1850ల తొలినాళ్లలో ఒక పంచాంగ సంచికలో అచ్చయిన "ఆమె ఎందుకూ పనికిరాదు" కథ దగ్గర కాస్త ఆగుదాం.

[తెరపై: నదిలో బట్టలుతుకుతున్న స్త్రీ, రేఖాచిత్రం]

ఒక చిన్న కుర్రవాడు జేబులో సారాయి సీసా పెట్టుకుని నది దగ్గరున్న తల్లికి ఇవ్వడానికి వెళుతున్నాడు. ఊరి పెద్ద కిటికీలోంచి పిలిచి నిలదీసి, "మీ అమ్మ ఎందుకూ పనికిరాదు" అంటాడు. కుర్రవాడు టోపీ చేతిలో పట్టుకుని నిలబడతాడు. అక్కడ తల్లి ప్రవాహానికి కొట్టుకుపోకుండా బల్లను అదిమిపెట్టి దుప్పట్లు ఉతుకుతోంది. యవ్వనంలో ఆమె ఆ పెద్దమనిషి ఇంట్లోనే పనిమనిషి. ఆయన తమ్ముడు, ఆమె ఒకరినొకరు ప్రేమించుకున్నారు, ఇంటి పెద్దావిడ మెత్తని మాటలతోనే వారిని విడదీసింది. తమ్ముడు చనిపోయాడన్న కబురు విన్నాక ఆమె నదిలో కూలబడి, ఆ తర్వాత ప్రాణం విడుస్తుంది. అతను తనకు డబ్బు రాసిపెట్టిన సంగతి ఆమెకు తెలియనే తెలియదు. తల్లి సమాధి దగ్గర కుర్రవాడు అడుగుతాడు, ఆమె నిజంగా ఎందుకూ పనికిరానిదేనా అని. కుంటి మారెన్ అనే పేద స్నేహితురాలు, కాదు, ఆమె ఎంతో పనికివచ్చే మనిషి అని కోపంగా, ప్రేమగా జవాబిస్తుంది.

సారాయి సీసాతో వెళుతున్న పిల్లవాడిని ఎవరో ఇలా తిడితే తన తల్లి ఆ స్త్రీని వెనకేసుకొచ్చిందనీ, ఆ మాటలే ఈ కథకు మూలమనీ ఆండర్సన్ చెప్పారు. ఆన్ మరీ 1833లో ఓడెన్సెలో మరణించే నాటికి కొడుకు ఇటలీలో ఉన్నారు, కబురు రోమ్‌లో ఉండగా అందింది.

ఆయన రాసిన కథలు 156. పిల్లల కోసం కుదించిన సంకలనాలలో ఈ కథ అరుదుగా చేరుతుంది కనుక, సంపూర్ణ సంపుటం దొరికినవారు ముందుగా దీన్ని తెరిచి చూడాలని నా మనవి.