గోడకు తగిలిన అల తలకిందులై ఎందుకొస్తుంది? ‘వేవ్ ఆన్ ఎ స్ట్రింగ్’ రివ్యూ

నమస్తే అండీ. ఇవాళ ఫోన్ లేదు, ఇయర్‌బడ్స్ లేవు. ఒక తీగకు రివ్యూ చేద్దాం. స్క్రీన్ మీద పూసలు గుచ్చినట్టు కనిపిస్తోంది చూడండి, అదే ఫెట్ వాళ్ల ‘వేవ్ ఆన్ ఎ స్ట్రింగ్’. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రాజెక్టే ఫెట్. సైన్స్ ప్రయోగాలను స్క్రీన్ మీద బొమ్మలుగా ఆడించి చూపిస్తుంది. పైసా ఖర్చు లేదు, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది.

దీన్ని నేను ఒకే ఒక్క ప్రశ్నతో పరీక్షించాను. ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో మొదటి చాప్టర్ తరంగాలు, గుర్తుందా? దృఢమైన చివర తగిలి తిరిగొచ్చే తరంగం తలకిందులవుతుంది, స్వేచ్ఛగా ఉన్న చివరైతే నిటారుగానే వస్తుంది అని అందరం బట్టీ పట్టాం. ఎందుకలా అని అడిగితే మాత్రం, అదంతే!

సరే, ముందు డ్యాంపింగ్‌ని, అంటే అలను మెల్లగా చల్లార్చేసే రాపిడిని, సున్నాకి లాగేయండి. ఇది మర్చిపోతే మిగతాదంతా వృథా. ‘పల్స్’ (అంటే ఒక్క అల), ‘ఫిక్స్‌డ్ ఎండ్’, ‘స్లో మోషన్’ పెట్టి బటన్ నొక్కుతున్నా. ఎద్దు మూపురం లాంటి ఎత్తు ఒకటి బయల్దేరింది. తీగ చివరను కదలకుండా పట్టుకున్న క్లాంపుకి తగిలింది. తిరిగొచ్చేటప్పుడు చూడండి, మూపురం కాస్తా గుంట అయింది.

ఇక సమీకరణం. భయపడకండి, బోర్డు ఎక్కించను. తరంగ సమీకరణం చెప్పేది ఒక్కటే: తీగ ఒక చోట ఎంత వంగి ఉందో, అక్కడి ముక్కకు ఆ వంపుకు తగ్గ త్వరణం ఉంటుంది. ఆ రెండింటినీ కలిపే అంకె తరంగ వేగానికి వర్గం. తన్యతను మీటరు తీగ బరువుతో, అంటే ద్రవ్యరాశితో, భాగించినా అదే వస్తుంది. అందుకే ఇక్కడ టెన్షన్ స్లైడర్ పెంచితే మూపురం పరుగెత్తుతుంది. దీనికి సాధారణ పరిష్కారం 1747లో దాలంబేర్ ఇచ్చాడు: కుడికి పోయే ఆకారం ఒకటి, ఎడమకు పోయే ఆకారం ఒకటి, రెండింటి మొత్తం. అంతే.

ఇప్పుడు క్లాంపు దగ్గరకొద్దాం. అక్కడ తీగ కదలకూడదు, ఆ మొత్తం ఎప్పుడూ సున్నా కావాలి. కుడికి పోయే మూపురం ఒక్కటే ఉంటే సున్నా ఎలా అవుతుంది? కాదు. కాబట్టి సరిగ్గా అంతే లోతున్న గుంట ఎడమకు రావాల్సిందే. గోడ అవతల మనకు కనబడని తీగ ఉందనీ, దాని మీద ఆ గుంట మనవైపు వస్తోందనీ ఊహించుకోండి. రెండూ గోడ దగ్గర ఎదురై దాటిపోతాయి. మనం ‘పరావర్తనం’ అని పేరు పెట్టింది ఆ దాటిపోవడానికే.

నాకు బాగా నచ్చిన చోటు ఇదే. పాజ్ చేసి, ఒక్కో ఫ్రేము జరుపుతున్నా... ఆగండి... ఇదిగో! తీగ దాదాపు చదునైపోయింది. మూపురం లేదు, గుంటా లేదు. మరి శక్తి ఏమైంది? ఆకారాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి కానీ వేగాలు కూడుకున్నాయి. ఆ క్షణంలో పూసలు కిందికి దూసుకుపోతున్నాయి. శక్తంతా గతిశక్తే. బొమ్మలో ఏమీ లేనట్టుంటుంది, లోపల జరిగేదంతా అప్పుడే.

‘లూజ్ ఎండ్’ పెడదాం. చివర కడ్డీకి తొడిగిన రింగు, పైకీ కిందికీ జారుతుంది. రింగుకు బరువు లేదు, రాపిడి లేదు అనుకుంటే, తీగ దాన్ని ఏటవాలుగా లాగకూడదు. లాగితే త్వరణం అనంతమైపోతుంది. అంటే అక్కడ వాలు సున్నా. ఈ షరతు తీరాలంటే అవతలి నుంచి గుంట కాదు, మూపురమే రావాలి. అందుకే రింగు దాదాపు రెట్టింపు ఎత్తుకు ఎగిరింది, చూశారుగా.

‘నో ఎండ్’లో తిరిగొచ్చేదేమీ లేదు, వదిలేద్దాం.

నా ఫిర్యాదు ఒకటుంది. సన్న తీగకు లావు తీగ ముడివేసి చూసే వీలు ఇందులో లేదు. అసలు ప్రపంచమంతా అలాంటి ముడులే కదా! వీణ తీగకు బ్రిడ్జి నిజంగా కదలని గోడే అయితే మనకు వినబడే నాదంలో చాలావరకు ఉండదు. కొంచెం శక్తి చెక్కలోకి దిగబట్టే ఆ గుమ్మడికాయంత కుండ మోగుతుంది. స్కానింగ్‌లో పొట్టకు చల్లటి జెల్ రాసేదీ ఇందుకే. చర్మానికీ, దాని మీద ఆనించే ప్రోబ్ అనే స్కానింగ్ పరికరానికీ మధ్య గాలి పొర ఉంటే అల్ట్రాసౌండ్ దాదాపు మొత్తం వెనక్కే పోతుంది.

లెక్క మాత్రం సులువే. ముడి దగ్గర రెండు షరతులు: తీగ తెగకూడదు, మడత పడకూడదు. రెండో తీగ మీటరుకు నాలుగు రెట్లు బరువనుకోండి. దాంట్లో వేగం సగమవుతుంది. మూపురం ఎత్తులో మూడో వంతు తలకిందులై వెనక్కొస్తుంది, మూడింట రెండు వంతులు నిటారుగా ముందుకెళ్తుంది. శక్తిలో అయితే తొమ్మిదో వంతే వెనక్కి.

ఇది ఫెట్‌లో చూడలేం కాబట్టి ఇంట్లో చూడండి. చేంతాడుకు సన్నటి తాడు ముడివేసి, చేంతాడు చివరను కిటికీ ఊచకు కట్టి, సన్నతాడు పట్టుకుని ఒక్కసారి విదిలించండి. ముడి దగ్గర నుంచి చిన్న గుంట మీ చేతికొస్తుంది. ఇప్పుడు తాడు తిప్పి కట్టి, చేంతాడు వైపు పట్టుకుని విదిలించండి. ఈసారి ముడి నుంచి వచ్చేది మూపురమే.