టోపీ పెట్టుకున్న రోజు నుంచి: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అభిమానులపై చర్చ

(పాల్గొన్నవారు: సంధానకర్త, కాలేజీ ఫుట్‌బాల్‌ను ఏళ్ల తరబడి గమనిస్తున్న ఒక క్రీడా విశ్లేషకుడు, విశ్వవిద్యాలయంలో క్రీడాకారులకు పాఠాలు చెప్పిన ఒక అధ్యాపకురాలు.)

సంధానకర్త: నమస్కారం. మన పిల్లలు ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో చేరినప్పటి నుంచి శనివారం మన ఇళ్లలో కూడా ఫుట్‌బాల్ రోజే అయింది కాబట్టి, నాకు మింగుడుపడని ఒక సంఘటనతో చర్చ మొదలుపెడతాను. 2025 సెప్టెంబరు 13న ఆస్టిన్‌లో యూటెప్ జట్టుతో ఆడుతున్న టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపిస్తూ పాసులు విసిరే ఆటగాడు) ఆర్చ్ మానింగ్‌ను సొంత స్టేడియంలో, సొంత జట్టు అభిమానులే ఈలలు, కేకలతో ఎగతాళి చేశారు. ఆ ఆటలో టెక్సస్ 27-10తో గెలిచింది కూడాను. గెలిపిస్తున్న కుర్రాడి మీద అంత కోపం ఎందుకు వచ్చినట్టు?

విశ్లేషకుడు: ఆ రోజు అతడు విసిరిన 25 పాసుల్లో 11 మాత్రమే అందవలసిన చేతికి అందాయి కనుక అసంతృప్తికి కారణం లేదని అనను. అయితే ఆ కోపం ఆనాటిది కాదండీ, మూడేళ్లుగా పెంచుకున్న ఆశకు వడ్డీ. వృత్తిపరమైన ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లు పేటన్, ఎలై మానింగ్‌ల అన్న కొడుకు అయిన ఈ కుర్రాడు 2022 జూన్‌లో, ఇంకా హైస్కూల్లో ఉండగానే, టెక్సస్‌కు వస్తానని ప్రకటించాడు. 2025 సీజను ఆరంభానికి ముందే జట్టుకు దేశంలో మొదటి ర్యాంకు వచ్చింది. తీరా మొదటి ఆటలోనే ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడారు. ఊహలోని మానింగ్‌కూ, మైదానంలోని మానింగ్‌కూ పోలిక కుదరకపోయేసరికి అభిమానులు మైదానంలో ఉన్నవాడిని దండించారు.

సంధానకర్త: ఆ ఊహను తయారుచేసేది ఈ నక్షత్రాల పద్ధతేనా? మన వైపు నక్షత్రం పుట్టుకతో వస్తుంది, ఇక్కడ పదిహేడో ఏట ఇస్తారు.

విశ్లేషకుడు: అవును, దీన్ని కూడా జాతకం అనవచ్చు. రైవల్స్, 247స్పోర్ట్స్ వంటి సంస్థలు హైస్కూలు ఆటగాళ్లకు ఐదు నక్షత్రాల దాకా ఇస్తాయి. ఎన్ఎఫ్ఎల్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండులో 32 మందిని ఎంచుకుంటారు కాబట్టి ఐదు నక్షత్రాలు కూడా ఏడాదికి సుమారు అంతమందికే దక్కుతాయి. ఎవరు ఎటు వెళతారన్న వార్తల కోసం నెలనెలా చందా కట్టే అభిమానులున్నారు. సీజను లేని నెలల్లో వారికి ఇదే ఆట. ఇంతా చేసి, జాష్ ఆలెన్‌కు జూనియర్ కాలేజీ తరువాత పెద్ద స్థాయి జట్లలో వయోమింగ్, ఈస్టర్న్ మిషిగన్ అనే రెండు మాత్రమే స్కాలర్‌షిప్ ఇవ్వజూపాయని గుర్తుంచుకోవాలి. ఈనాడు ఎన్ఎఫ్ఎల్‌లో మేటి క్వార్టర్‌బ్యాక్‌లలో అతడొకడు.

అధ్యాపకురాలు: నక్షత్రాలు తప్పడం నాకు పెద్ద విషయంగా అనిపించదు. ఆ అంచనాను అభిమాని తనకు కుర్రాడు ఇచ్చిన మాటగా లెక్కవేసుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. ఏ విశ్వవిద్యాలయంలో చేరేదీ ఖాయం చేసే సంతకాల రోజున బల్ల మీద నాలుగైదు టోపీలు పెట్టి, పక్కన తల్లిదండ్రులను కూర్చోబెట్టుకుని, కుర్రాడు ఒక టోపీ తీసి తలమీద పెట్టుకునే ఆ తంతును మీరూ చూసే ఉంటారు. ట్రావిస్ హంటర్ అనే హైస్కూలు ఆటగాడు ఏడాదికి పైగా ఫ్లోరిడా స్టేట్‌కు వెళతానని చెబుతూ వచ్చి, 2021 డిసెంబరు 15న జాక్సన్ స్టేట్‌ను ఎంచుకున్నాడు. అతడిని ఒప్పించిన కోచ్ డియాన్ శాండర్స్ స్వయంగా ఫ్లోరిడా స్టేట్‌లో ఆడి పేరు తెచ్చుకున్నవాడే! కుర్రాడు తన భవిష్యత్తు గురించి చేసుకున్న ఆ ఎంపికను ద్రోహం అన్నారు. అదే నెలలు తిరగకముందే కోచ్‌లు జట్లు మారితే దాన్ని ఉద్యోగోన్నతి అంటారు. ఆ 2021 నవంబరులోనే బ్రయన్ కెల్లీ నోటర్‌డామ్‌ను వదిలి పదేళ్ల ఒప్పందం మీద ఎల్ఎస్‌యూకు (లూసియానా స్టేట్ యూనివర్సిటీకి) వెళ్లాడు. అతడి కోసం వచ్చిన పిల్లలు అక్కడే మిగిలారు.

విశ్లేషకుడు: కోచ్‌లను అభిమానులు వదిలిపెడతారని మాత్రం అనకండి. కానీ పరిస్థితి మారిన మాట కూడా ఒప్పుకోవాలి కదా. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపాలను ప్రకటనల వంటివాటికి ఇచ్చి సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కో విశ్వవిద్యాలయం మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా క్రీడాకారులకు నేరుగా పంచవచ్చు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా ఏటా జట్టు మారే వీలుంది. జీతగాడిని జీతగాడిలాగే చూస్తామని టికెట్ కొన్నవాడు అంటే, ఆ వాదనలో పస లేదని నేను అనలేను.

అధ్యాపకురాలు: 2013లో పస ఎక్కడుందో చెప్పండి మరి. ఆ నవంబరు 30న ఆబర్న్‌తో జరిగిన ఆటలో అలబామా కిక్కర్ కేడ్ ఫాస్టర్ మూడు ఫీల్డ్ గోల్ (బంతిని గోలు స్తంభాల మధ్యగా తన్నడం) ప్రయత్నాల్లో విఫలమయ్యాడు. చివరి క్షణంలో పొట్టిపడిన 57 గజాల కిక్ అతడిది కాదు, మరొకరిది. దాన్ని పట్టుకుని ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ మైదానం ఆ చివరిదాకా పరుగెత్తి 34-28తో గెలిపించాడు. అయినా చంపుతామన్న సందేశాలు ఫాస్టర్‌కు వచ్చాయి. అప్పుడు పేరు మీద సంపాదన లేదు, పోర్టల్ లేదు. మాజీ అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ బుష్ చేతిరాతతో ఓదార్పు ఉత్తరం పంపాడు. ఫాస్టర్ జెర్సీ సంఖ్య 43, బుష్ 43వ అధ్యక్షుడు. డబ్బు ఈ తిట్లకు కొత్త సాకు తెచ్చిపెట్టిందే తప్ప తిట్లను పుట్టించలేదు.

సంధానకర్త: మన హైదరాబాదు సిరాజ్‌ను కూడా ఐపీఎల్‌లో సరిగా ఆడని రోజుల్లో, వెళ్లి నాన్నతో పాటు ఆటో నడుపుకోమన్నారని ఆయనే చెప్పారు. సరే, అలబామాకే వద్దాం. అక్కడి క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ సంగతి?

విశ్లేషకుడు: ఆ విషయంలో నాకు వాదన లేదు. అలబామా తరఫున మొదటి నుంచి బరిలోకి దిగిన 28 ఆటల్లో 26 గెలిచినవాడిని, 2018 జనవరిలో జార్జియాతో జరిగిన జాతీయ ఫైనల్ విరామంలో పక్కన కూర్చోబెట్టారు. అతడి స్థానంలో వచ్చిన టువా టాగోవైలోవా అదనపు సమయంలో గెలిపించాడు. కోచ్ నిర్ణయం సరైనదే. కానీ ఆ రాత్రి నుంచి హర్ట్స్ ఎందుకూ పనికిరానివాడన్నట్టు మాట్లాడినవారు ఎందరో. అతడు ఆ ఏడాది జట్టులోనే ఉండి, డిసెంబరులో టువా గాయపడితే వచ్చి, అదే జార్జియా మీద కాన్ఫరెన్స్ ఫైనల్‌ను 35-28తో గెలిపించాడు. తరువాత ఓక్లహామాకు మారాడు, 2025లో ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఇప్పుడు అలబామావారు మావాడే అంటారు, ఓక్లహామావారూ మావాడే అంటారు.

సంధానకర్త: మానింగ్ కూడా 2025 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎంను అదే ఆస్టిన్‌లో 27-17తో ఓడించాడు. ఆ రోజు కేకలు వేరు.

అధ్యాపకురాలు: వేరే. నేను చూసేది మాత్రం సోమవారం ఉదయం. ఒక ఏడాది నా తరగతిలో ఉన్న ఒక ఆటగాడు శనివారం బంతి జారవిడిచి, సోమవారం పది నిమిషాల ముందే వచ్చి, చివరి వరుసలో గోడ పక్కన కూర్చుంటానని, హాజరు పిలిచేటప్పుడు పేరు గట్టిగా చదవవద్దని అడిగాడు. వాడికి పందొమ్మిదేళ్లు. మిగతా సెమిస్టరంతా నేను హాజరు కాగితం మీదే వేశాను.