ఆడుకుంటున్నాడంటే మరిచిపోయాడని కాదు

నమస్కారం. పెద్దకర్మ రోజున ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు: "పాపం పసివాడు, వాడికేం తెలుసు! ఎలా ఆడుకుంటున్నాడో చూడండి." నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వాడికి తెలుసు, తన వయసుకు తగినంత.

ఎండలో వాన పడితే కుక్కకీ నక్కకీ పెళ్లి అంటాం కదా, పిల్లల దుఃఖం ఆ వాన. ఇప్పుడు వెక్కివెక్కి ఏడుస్తాడు, కాసేపటికి బంతి వెంట పరిగెడతాడు, పడుకునే ముందు "నాన్న రేపొస్తాడా?" అంటాడు. పెద్దవాళ్లది ముసురు, పట్టిందంటే రోజుల తరబడి వదలదు. పిల్లల్లో ఆ ముసురు కనపడకపోయేసరికి అసలు వానే లేదనుకుంటాం.

(తెరపై: బుడాపెస్ట్, 1948)

మరియా నాగీ అనే మనస్తత్వవేత్త హంగరీలో 378 మంది పిల్లలపై చేసిన అధ్యయనాన్ని 1948లో ప్రచురించారు. అయిదేళ్లలోపు పిల్లలు చావును ప్రయాణంలాగో నిద్రలాగో ఊహించుకున్నారు. మరి మనం చెప్పేదేమిటి? "ఊరెళ్లాడు", "నిద్రపోతున్నాడు". ఇక ఆ పిల్లవాడు గుమ్మం దగ్గర చెప్పుల కోసం చూడడా? అమ్మ కునుకు తీస్తే తట్టి లేపడా?

ఇలా చెప్పండి: "నాన్న చనిపోయాడు. గుండె ఆగిపోయింది. ఇక ఊపిరి తీయడు, ఆకలి వేయదు, తిరిగి రాడు. ఇది నీ వల్ల జరగలేదు." ఆ చివరి వాక్యం మరవకండి. అల్లరి చేసినందుకే పోయాడేమో అన్న అనుమానాన్ని చాలామంది పిల్లలు పైకి చెప్పరు.

వాన వెలిసిందనుకున్నాక మళ్లీ పడుతుంది, ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం అడిగిన రోజున. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో 70 కుటుంబాల్లో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న 125 మంది పిల్లలను గమనించిన హార్వర్డ్ అధ్యయనంలో, వాళ్ల ఇబ్బందులకూ మిగతా పిల్లల ఇబ్బందులకూ తేడా మొదటి ఏడాదికన్నా రెండేళ్లకే స్పష్టంగా కనిపించింది. సంవత్సరీకం అయిపోయింది కదా అని నిశ్చింతగా ఉండకండి.

సమయం అయిపోతోంది, టీనేజీ పిల్లల గురించి గబగబా చెప్పేస్తాను. "ఇంటికి పెద్దదిక్కు నువ్వే", "తమ్ముడికి ఇక అమ్మవి నువ్వే" అనే చుట్టాలను దయచేసి ఆపండి. తలుపు వేసుకుని నాన్న పాత వాయిస్ మెసేజ్ వింటుంటే విననివ్వండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు, బండి మీద వెళ్తూ అడగండి. శ్మశానానికి రావాలా వద్దా అన్నది, అక్కడ ఏం జరుగుతుందో ముందే చెప్పి వాళ్లనే అడగండి. చనిపోవాలనుందన్నా, తమను తాము గాయపరచుకుంటున్నా ఆలస్యం వద్దు: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కి ఫోన్ చేయండి. ఏ వేళయినా పలుకుతారు, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.