చెల్లి పాపకి విటమిన్ కే వేశారా, లేదా?

నమస్తే అండి. ఈసారి వీడియో బ్రిటన్‌లో మేముండే లెస్టర్ నుంచి కాదు, మా శ్రీకాకుళం నుంచి. మా చెల్లికి పాప పుట్టింది. హైదరాబాద్‌లో విమానం దిగి, రాత్రి రైలెక్కి, తెల్లారేసరికి ఆమదాలవలస చేరాను. ఇదిగో, ఇది ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆటోలోంచి తీసిన ముక్క. పాపని మాత్రం చూపించను. ఇంకా ఎనిమిదో రోజే, పురుడు కూడా కాలేదు.

నేను స్నానం చేసి వచ్చేసరికి చెల్లి పాప గుడ్డ పట్టుకుని కూర్చుంది. బొడ్డు దగ్గర చిన్న రక్తపు మరక. "అప్పా, ఇదేటి ఇలాగుంది?" అంది. అమ్మ తేలిగ్గానే, "బొడ్డు ఊడినప్పుడు అలాగే వస్తాదిలే" అంది. నిజమే, చాలామంది పిల్లలకి వస్తుంది. నాకు మాత్రం వెంటనే ఒక ప్రశ్న వచ్చింది: పుట్టినప్పుడు పాపకి విటమిన్ కే ఇంజెక్షన్ వేశారా?

డిశ్చార్జి కాగితం వెతికాం. బరువుంది, బీసీజీ ఉంది, పోలియో చుక్కలు ఉన్నాయి. విటమిన్ కే మాట ఎక్కడా లేదు. చెల్లికి గుర్తు లేదు. ఆ నొప్పుల్లో ఎవరికి గుర్తుంటుంది?

నాకెందుకంత టెన్షన్ అంటే... రక్తం గడ్డకట్టడానికి ఈ విటమిన్ కావాలి. తల్లి కడుపులో ఉన్నప్పుడు అది మాయ దాటి బిడ్డకి చేరేది చాలా తక్కువ. పుట్టాక తల్లిపాలలోనూ తక్కువే. అమ్మ వెంటనే, "తోటకూర, మునగాకు పెడతన్నాను కదా, పాలల్లోకి దిగదా?" అంది. ఆకుకూరల్లో విటమిన్ కే బాగా ఉన్న మాట నిజం, బాలింతకి అవి మంచివే. కానీ మామూలుగా తినే తిండితో పాలల్లో బిడ్డకి సరిపడేంత పెరగదు. తల్లిపాలు మానమని కాదు అర్థం, ఆ ఒక్క లోటు విడిగా తీర్చాలి.

లోటు ఉండిపోతే కొందరికి మొదటి వారంలోనే బొడ్డు, ముక్కు, పేగుల నుంచి రక్తం వస్తుంది. ఇంకా భయపెట్టేది, రెండో వారం దాటాక ఆరు నెలల లోపు ఎప్పుడైనా వచ్చేది. అరుదే, కానీ చాలాసార్లు మెదడులో రక్తస్రావం అవుతుంది, ముందు ఏ సూచనా లేకుండా. కాబట్టి బిడ్డ మరీ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, పాలిపోయినా, కారణం లేకుండా కమిలిన మచ్చలు వచ్చినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

మా బాబు పుట్టినప్పుడు బ్రిటన్‌లో మమ్మల్ని అడిగారు, ఇంజెక్షనా, చుక్కలా అని. 1990ల మొదట్లో అక్కడే ఒక అధ్యయనం ఇంజెక్షన్‌కీ పిల్లల క్యాన్సర్‌కీ సంబంధం ఉందేమో అని భయపెట్టింది. తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఆ సంబంధం కనబడలేదు. అప్పుడు మాకు మొదటి సగమే తెలుసు. చుక్కలు అన్నాం. తల్లిపాలు తాగే బిడ్డకి అవి మూడు సార్లు: పుట్టగానే, మొదటి వారంలో, నెల నిండాక. ఒక్కోసారి 2 మిల్లీగ్రాములు. రెండు సరిగ్గా పడ్డాయి. మూడోది నిద్రలేని రాత్రుల్లో మరిచిపోయాను, ఎనిమిది రోజులు ఆలస్యమైంది. ఆ ఎనిమిది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. పైగా కాలేయంలో పైత్యనాళాల జబ్బున్న బిడ్డకి చుక్కలు సరిగా ఒంటపట్టవు, ఆ జబ్బు మొదట్లో బయటపడదు కూడా. ఇంజెక్షన్ అయితే తొడలో ఒక్కసారి, 1 మిల్లీగ్రాము. కిలో కంటే తక్కువ బరువున్న బిడ్డకి అర మిల్లీగ్రాము. మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకీ అది వేయాలని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఈరోజు నన్నడిగితే ఇంజెక్షనే అంటాను.

మధ్యాహ్నం ఎండలోనే పాపని పొత్తిళ్లలో చుట్టుకుని ఆస్పత్రికి వెళ్లాం. లోపల కెమెరా తీయలేదు. డాక్టరమ్మ బొడ్డు చూసి, ఊడిన చోట పుండు ఆరుతోంది, భయం లేదన్నారు. "మేడమ్, విటమిన్ కే వేశారో లేదో కాగితంలో లేదండి" అన్నాను. సిస్టర్ లోపలికెళ్లి కేస్ షీట్ వెతికి తెచ్చింది. పుట్టిన అరగంటకి, ఎడమ తొడలో, 1 మిల్లీగ్రాము. సంతకం ఉంది. చెల్లి అక్కడే కళ్లు తుడుచుకుంది. వేయకపోయి ఉంటే ఇప్పుడైనా వేసేదాన్ని అన్నారు డాక్టరమ్మ.

డిశ్చార్జి కాగితంలో రాయడం మరిచారు, అంతే. కానీ ఆ మరుపు వల్ల ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అక్కడే ఆ ఒక్క లైను రాయించి, ముద్ర వేయించుకున్నాం. మా మరిది దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, టీకాల కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు.